బ్యాండు మాస్టరు నేర్పు విద్య

విద్యలలో కొన్ని ఒంటరిగా కూర్చుండి నేర్వదగినవి. కొన్ని పదుగురితో గూడి మాత్రమే నేర్వదగినవి. గణితమున లెక్క తప్పిన బాలుని తప్పు వాని పుస్తకములోనే నిలుచును. ఉపాధ్యాయుడు దిద్దినంతట అది సరియగును. వ్యాకరణమున సంధి తప్పిన బాలికకు మార్కు తగ్గును గాని, ప్రక్క బల్లమీది బాలికకు దానివలన నష్టము లేదు. వాద్యబృందమున నట్లు గాదు. నలువదిమంది కలిసి ఊదుచుండగా ఒక్కడు తొందరపడి అరమాత్ర ముందుగా ఊదెనేని, వినువారి చెవికి బృందమంతయు తప్పినట్లే తోచును. అట్లే ఒక్కడు నిలుకడతో తాళము నిలిపెనేని, తడబడుచున్న ప్రక్కవాడును వానిని పట్టుకొని గట్టెక్కును. ఒకని శ్రద్ధ పదుగురికి మేలు చేయుననియు, ఒకని అశ్రద్ధ పదుగురికి కీడు చేయుననియు పెద్దలు చెప్పుట అందఱును విన్నదే. ఆ మాటను చెవికి వినిపించి నేర్పు తరగతి పాఠశాలలో ఇదియొక్కటే.

ఇట్టి తరగతిని నడుపు ఉపాధ్యాయుని బ్యాండు మాస్టరని పిలుతురు. ఆగస్టు 15వ తేదీనాడును, జనవరి 26వ తేదీనాడును తప్ప అతడు చాలమందికి జ్ఞప్తికి రాడు. పతాకమెగురుచుండగా డ్రమ్ములు మ్రోగవలెను. ముఖ్యాతిథి వచ్చుచుండగా బ్యూగిలు పలుకవలెను. పని ముగిసిన పిమ్మట వాద్యములు బీరువాలోనికి పోవలెను. వాద్యబృందము పాఠశాలకొక అలంకారమను భావము లోకమున స్థిరపడియున్నది. ఈ భావము సరియైనది కాదు. బృందవాద్యము ఒక పాఠము. అందును, తక్కిన పాఠములు నేర్పజాలని కొన్ని గుణములను నేర్పు పాఠము. ఈ విషయమును చక్కగ గ్రహించుటకు, పాఠశాల బ్యాండు మిక్కిలి విస్తరించిన అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక బ్యాండు మాస్టరు విద్యాసంవత్సరము ఎట్లు గడచునో పరిశీలించుట మంచిది.

ఆ దేశమున సర్కారు పాఠశాలలలో సంగీతము నియతమైన పాఠ్యవిషయముగా మొదట అంగీకరింపబడినది 1838లో, బోస్టను నగరమున. లోవెల్ మేసన్ అను సంగీతాచార్యుని కృషి అందుకు కారణము. కాని అప్పటి సంగీతము గాత్రము మాత్రమే. ఊదు వాద్యములపై ప్రజలకు మక్కువ కలిగించినవారిలో అగ్రగణ్యుడు జాన్ ఫిలిప్ సౌసా. అతడు 1880 మొదలు 1892 వఱకు ఆ దేశపు నౌకాసైనికుల బ్యాండునకు నాయకుడైయుండి, పిమ్మట సొంత బృందమును గూర్చుకొని, 1932లో మరణించువఱకు ఊరూర తిరిగి వాయించెను. రేడియో లేని ఆ దినములలో చిన్న పట్టణముల ప్రజలకు గొప్ప సంగీతము వినుట కదియే మార్గము. అతని బృందమును చూచిన ప్రతి బాలుడును తానొక కొమ్మువాద్యమును పట్టవలెనని కోరెను. ఆ కోరికయే క్రమముగ పాఠశాలలలో ప్రవేశించినది.

1923లో షికాగో నగరమున పాఠశాలల బ్యాండ్లకు ప్రప్రథమమైన జాతీయ పోటీ జరిగెను. ఆ పోటీకి ద్రవ్యసహాయము చేసినవారు వాద్యములను తయారుచేయు వర్తకులు. పోటీలు పెరిగిన కొలది వాద్యములును అమ్ముడుపోవునని వారి యాలోచన. కావున ఆ దేశపు పాఠశాల బ్యాండు పెరుగుదలలో విద్యాభిమానమును, వర్తకబుద్ధియు రెండును కలిసియున్నవని ఒప్పుకొనక తప్పదు. సౌసా బృందమున వేణువు వాయించిన మెరిడిత్ విల్సన్ ఈ విషయముపైననే ‘ది మ్యూజిక్ మాన్’ అను సంగీతనాటకమును రచింపగా, అది 1957లో న్యూయార్కున ప్రదర్శింపబడెను. అందొక మాయగాడు చిన్న పట్టణమునకు వచ్చి, పిల్లలకు బ్యాండు నేర్పెదనని చెప్పి, వాద్యములును దుస్తులును అమ్మి, పాఠము చెప్పకయే పారిపోవ దలంచును. కడపట పిల్లలు ఏదో విధముగ ఊదుదురు. అది చెవులకు సొంపుగా నుండదు. అయినను తల్లిదండ్రులు ఆ ధ్వనిని విని పరవశులగుదురు. ప్రేక్షకులు నవ్వుదురు గాని, ఆ నవ్వులో నొక నిజమున్నది. వాద్యము చేతికిచ్చిన మాత్రమున బ్యాండు ఏర్పడదు. వాద్యమునకును విద్యకును నడుమ ఒక ఉపాధ్యాయుడుండవలెను.

అమెరికాలో విద్యాసంవత్సరము సామాన్యముగ ఆగస్టు చివరనో సెప్టెంబరులోనో మొదలై మే, జూను నెలలతో ముగియును. ఉన్నత పాఠశాలల బ్యాండునకు పని అంతకు ముందే, వేసవి యెండలో, ఆటస్థలమున ఆరంభమగును. అప్పుడు నేర్పునది నడచుచు వాయించుట. ప్రతి అడుగును ఒకే కొలతగా పడవలెను. 5 గజముల దూరమును సరిగా 8 అడుగులలో నడచుట వారి వాడుక. అనగా ఒక్కొక్క అడుగు 22½ అంగుళములు. పొడవు కాళ్లవాడు అడుగును కుదించుకొనవలెను, పొట్టివాడు చాచవలెను. అందఱకును సమానమైన అడుగు ఎవ్వరికిని సహజమైనది కాదు. ఎవని వాడుకను వాడు కొంచెము విడిచిన గాని వరుస నిలువదు.

ఇక్కడ ప్రకృతిశాస్త్రము కూడ తన పాఠమును చెప్పును. వారి ఫుట్‌బాలు ఆటస్థలము గోలునకు గోలునకు నడుమ 100 గజముల పొడవు. అనగా దాదాపు 91 మీటర్లు. ధ్వని గాలిలో సెకనునకు ఇంచుమించు 343 మీటర్లు పయనించును. కావున ఆ కొసనున్న డ్రమ్ము మ్రోత ఈ కొసనున్న బాలుని చెవిని చేరుటకు నాలుగవవంతు సెకనునకు పైగా పట్టును. నిమిషమునకు 120 అడుగుల వేగముతో నడచునప్పుడు ఒక్క అడుగునకు అరసెకను కాలము. అనగా దూరపు మ్రోతను నమ్మి నడచువాడు సగమడుగు వెనుకబడును. అందుచేత బ్యాండు మాస్టరు, ‘చెవిని నమ్మవలదు, నాయకుని చేతిని చూడుడు’ అని బోధించును. సంగీతము నేర్పు గురువే చెవిని నమ్మవద్దనుట విచిత్రముగ తోచును. కాని తాను విన్నదియే సత్యమని పట్టుబట్టువాడు, తాను నిలిచిన చోటునుబట్టి మోసపోవుట కలదు. అందఱకును సమముగ కనబడు గుర్తు నొకదానిని ఆధారము చేసికొనుట పౌరధర్మమునకును పనికివచ్చు పాఠమే.

వాన, చలి, ఎండ కూడ ఈ తరగతిలో లెక్కకు వచ్చును. గాలి వేడెక్కిన కొలది అందు ధ్వని వేగము హెచ్చును. ఊదు వాద్యముల స్వరము పైకెక్కును. చలియుదయమున అవే వాద్యములు క్రిందిశ్రుతిలో పలుకును. తంత్రీవాద్యముల తీరు దీనికి విరుద్ధము. వేడికి తంత్రి సడలి స్వరము దిగును. కావున నిన్న సరియైన శ్రుతి నేడు సరికాదు. ప్రతిదినమును కూర్చుండగనే శ్రుతి కలుపుకొనుటతో బ్యాండు తరగతి ఆరంభమగును. నిన్న కుదిరినది గదా యని నేడు మానినచో చెల్లదు.

క్రొత్తగా చేరు చిన్న తరగతుల పిల్లలకు వాద్యములను పంచిపెట్టుట బ్యాండు మాస్టరునకు మఱొక పరీక్ష. డ్రమ్మును, ట్రంపెట్టును కోరువారు పలువురు. ట్యూబా అను పెద్ద కొమ్మును కోరువారు అరుదు. అది బరువైనది, దాని స్వరము మందరమైనది, సభలో దానినెవ్వరు గమనింపరు. కాని ఇంటికి పునాది యెట్టిదో బృందమునకు మందరస్వరము అట్టిది. అది తొలగిన క్షణమున పైస్వరములన్నియు గాలిలో వ్రేలాడినట్లుండును. కనబడని పనిని కోరి చేయువాని నెన్నుకొనుటయు, వానికి ఆ పనియందు గౌరవము కలిగించుటయు ఉపాధ్యాయుని నేర్పు. తరగతిలో వెనుకబల్లమీద మౌనముగ కూర్చుండు బాలుడు, తాను లేనిదే పాట నిలువదని తెలిసికొన్న దినమున నిటారుగా కూర్చుండును. అట్టి మార్పు మార్కుల పట్టికలో కనబడదు.

ఆ వాద్యముల భాషయు వింతయైనది. క్లారినెట్టువాడును, వేణువువాడును, ఫ్రెంచి హారనువాడును తమ తమ కాగితములందు ఒకే స్వరాక్షరమును చూచి ఊదినచో మూడు వేఱువేఱు స్వరములు వినబడును. ఒక్కొక్క వాద్యమునకు ఒక్కొక్క ఆధారస్వరముండుటయే దీనికి కారణము. మన గాయకులు తమ తమ కంఠములకు తగిన శ్రుతిని షడ్జమముగ గైకొనుట దీనికి కొంత పోలిక. అందుచేత బ్యాండు మాస్టరు ఒకే స్వరమును పలికింపవలెనన్నచో, ఒకనికి ఒక అక్షరమును, వేఱొకనికి వేఱొక అక్షరమును వ్రాసియీయవలెను. ఒకే ఫలమును కోరు గురువు అందఱకును ఒకే మాట చెప్పిన చాలదు. అన్ని తరగతుల ఉపాధ్యాయులును తలపున నుంచుకొనదగిన విషయమిది.

శీతకాలము వచ్చునప్పటికి బృందము ఆటస్థలమును విడిచి గదిలోనికి వచ్చును. డిసెంబరు నెలలో తల్లిదండ్రులకై కచేరి జరుపుట పలుచోట్ల ఆచారము. ఈ కాలమున నేర్పునది ముఖ్యముగ ఊరకుండుట. పాటలో నొక్కొక్క వాద్యమునకు ఇరువది ముప్పది ఆవర్తముల మేర విరామముండవచ్చును. ఆ విరామమంతయు మనస్సులో లెక్కించుకొనుచు, సరియైన క్షణమున ప్రవేశింపవలెను. తాళమును రెండుమార్లు మాత్రమే మ్రోయింపవలసిన బాలుడు పాటయంతయు మేలుకొనియుండవలెను. అతడు మ్రోయించునది రెండు క్షణములు. అతడు నేర్చునది మిగిలిన పది నిమిషములలో. ఇతరుల వంతు వచ్చినప్పుడు ఊరకుండి వినుటయు పనియేనని గ్రహించినవారు పెద్దయైన పిమ్మట సభలలోను సంఘములలోను మన్ననకు పాత్రులగుదురు.

వసంతకాలమున పోటీలు వచ్చును. సంవత్సరము పొడుగున ఓర్పుతో నడచిన బ్యాండు మాస్టరునకు అసలైన ధర్మసంకటము ఇప్పుడెదురగును. బృందమున ఎల్లరు సమానులు కారు. ఎంత సాధన చేసినను కొందఱి వ్రేళ్లు త్వరగా కదలవు. కొందఱి చెవులకు శ్రుతిభేదము ఆలస్యముగ తెలియును. న్యాయనిర్ణేతలు బల్లముందు కూర్చుండి ప్రతి తప్పును వ్రాసికొనుచుందురు. అట్టి సమయమున కొందఱు ఉపాధ్యాయులు దుర్బలుడైన బాలుని మెల్లగ పిలిచి, ‘ఈ కష్టమైన భాగమున నీవు ఊదవలదు; వాద్యమును పెదవులకు చేర్చి ఊదుచున్నట్లు కనబడుము’ అని చెప్పుదురు. బాలుడు తలయూపును. బృందమునకు బహుమతి వచ్చును. అందఱతో పాటు ఆ బాలుడును చప్పట్లు అందుకొనును.

ఈ కార్యము సామాన్యమైనదే యని కొందఱందురు. ఒక్కని కొఱకు కష్టపడిన తక్కినవారందఱి ఫలమును పోగొట్టుట న్యాయమా యని వారి ప్రశ్న. ఈ ప్రశ్నను తేలికగ త్రోసివేయరాదు. సంవత్సరము పొడుగున ఇంటికడ గంటల తరబడి సాధన చేసిన బాలికకు, తన శ్రమకు తగిన ఫలము కోరు హక్కున్నది. కాని ఊదుచున్నట్లు నటించిన బాలుడు ఆ దినమున నేర్చినదేమి? తన స్వరము బృందమునకు అవసరము లేదనియు, కనబడిన చాలుననియు, సత్యము చెప్పవలసిన గురువే అసత్యమును చేయించుననియు నేర్చెను. తక్కిన పిల్లలకును ఈ సంగతి తెలియకపోదు. గెలుపు కొఱకు ప్రక్కవానిని మూగవానిని చేయవచ్చునని వారు నేర్తురు. అరమాత్ర తప్పు చెవిలో ఒక క్షణము నిలుచును. ఈ పాఠము మనస్సులో చిరకాలము నిలుచును.

ఇందుకు ఉపాయము లేకపోలేదు. నేర్పరియైన బ్యాండు మాస్టరు ఆ కష్టమైన భాగమును విప్పి, పదునాఱు స్వరములున్న చోట నాలుగు ముఖ్యస్వరములను మాత్రము ఆ బాలునికి వ్రాసియిచ్చును. ఆ నాలుగింటిని అతడు నిజముగ ఊదును. బృందమునకు లోటు రాదు, బాలుడును అబద్ధమాడలేదు. దీనికి ఉపాధ్యాయునకు ఒక రాత్రి శ్రమ యగును. ఆ శ్రమ పడుటకిష్టము లేనివాడే బాలుని మౌనముగ నుండుమని చెప్పును. కావున ప్రశ్న బాలుని శక్తిని గూర్చినదిగా కనబడినను, నిజమునకు ఉపాధ్యాయుని శ్రద్ధను గూర్చినది.

పోటీలు జరుపువారును ఈ చిక్కును కొంతవఱకు గుర్తించిరి. మొదటి పోటీలలో ప్రథమ, ద్వితీయ, తృతీయ స్థానములను మాత్రమే ప్రకటించువారు. ఒక్కరు గెలిచిరన్నచో తక్కినవారందఱు ఓడినట్లే. 1930 తర్వాతి సంవత్సరములలో ఈ పద్ధతికి మాఱుగ, నిర్ణీతమైన ప్రమాణమును చేరిన ప్రతి బృందమునకును ఉత్తమశ్రేణి నిచ్చు పద్ధతి ప్రబలెను. అప్పుడు పదిబృందములును ఉత్తమములు కావచ్చును. ప్రక్కవానిని మించుటకంటె, మంచిదను ప్రమాణమును చేరుటయే విద్యకు తగిన గురి. పోటీలనన్నిటిని రద్దుచేయ నక్కఱలేదు. గడువు లేనిదే సాధన సాగదు, వినువారు లేనిదే శ్రద్ధ కుదురదు. కాని బహుమతి గుఱ్ఱమునకు ముందు కట్టిన బండి కాకూడదు.

సంవత్సరాంతమున పట్టప్రదానోత్సవము జరుగును. ఎడ్వర్డ్ ఎల్గార్ అను ఆంగ్లేయుడు 1901లో రచించిన ఒక నడకపాటను ఆ సమయమున వాయించుట అమెరికా పాఠశాలల ఆచారము. 1905లో యేల్ విశ్వవిద్యాలయము ఎల్గారునకు గౌరవపట్టమిచ్చినప్పుడు ఆ పాటను వాయించిరి. అప్పటినుండి అది వాడుకలోనికి వచ్చినది. ఆ పాట నడుచుచుండగా పై తరగతి విద్యార్థులు వరుసగా నడచిపోవుదురు. వారిలో బృందమునకు మూలస్తంభములైనవారు పలువురుందురు. నాలుగేండ్లు తీర్చిదిద్దిన చేతులు, శ్రుతి కుదిరిన చెవులు, సరిగా పనికి వచ్చు సమయమునకే వెడలిపోవును. వేసవి గడచిన పిమ్మట కొమ్మును తలక్రిందులుగ పట్టుకొను క్రొత్త పిల్లలతో బ్యాండు మాస్టరు మొదటి స్వరమునుండి మరల ఆరంభించును.

ఇది నష్టమని తలంచువాడు ఈ వృత్తిలో నిలువజాలడు. రైతు నారుమడిలో పైరు పచ్చగ ఎదిగినంతట దానిని పీకి పొలమున నాటును. నారుమడి మరల బోడియగును. నారు అక్కడనే ఉండిపోయినచో పంట లేదు. పాఠశాలయు నారుమడి వంటిదే. అక్కడినుండి వెడలిన విద్యార్థులలో సంగీతము వృత్తిగ చేసికొనువారు కొందఱే. వైద్యులు, రైతులు, యంత్రకారులు, గుమాస్తాలు కాగలవారే అధికము. వారి వాద్యములు అటకమీద దుమ్ము పట్టవచ్చును. అయినను వేళకు వచ్చుట, ఇతరుల వంతును గౌరవించుట, తప్పును దాచక దిద్దుకొనుట అటకనెక్కవు. బ్యాండు మాస్టరు పంట అదియే.

కలిసి వాయించుటలోని విలువ 2020వ సంవత్సరమున లోకమునకు మఱింత తెలిసెను. కరోనా వ్యాధి వ్యాపింపగా పాఠశాలలు మూతపడెను. ఊదు వాద్యములనుండి వెడలు ఊపిరి తుంపురులవలన వ్యాధి సోకునను భయముచేత, తరగతులు తెరచిన పిమ్మట కూడ పిల్లలను దూరదూరముగ కూర్చుండబెట్టి, వాద్యముల నోళ్లకు గుడ్డతొడుగులు తొడిగిరి. ఇండ్లలోనున్న పిల్లలు కంప్యూటరు ద్వారమున పాఠము వినిరి. ముఖములు కనబడినవి, మాటలు వినబడినవి. కాని కలిసి వాయించుట కుదురలేదు. ధ్వని ఒక ఇంటినుండి వేఱొక ఇంటికి చేరుటలో కలుగు స్వల్పమైన ఆలస్యము తాళమును చెదరగొట్టుచుండెను. ఒక్కొక్కరు ఒంటరిగా వాయించి పంపిన దానిని యంత్రముతో అతికి పాటగ చేసిరి. అది వినుటకు పాటయే. కాని ఒకరినొకరు విని సర్దుకొనుట అందు లేదు. మరల ఒక గదిలో కూడినప్పుడు పిల్లలు పోగొట్టుకొన్నదేమో వారికే తెలిసినది.

ఇంత మేలు చేయు విద్యకు శత్రువులు లేరనుకొనరాదు. ధనము తక్కువపడినప్పుడు మొదట కత్తెర పడునది సంగీతముపైననే. 1978లో కాలిఫోర్నియా రాష్ట్రప్రజలు ఆస్తిపన్నును తగ్గించు శాసనమును ఓటుతో ఆమోదించిరి. పాఠశాలల ఆదాయమునకు ఆ పన్ను ముఖ్యాధారము. ఆ పిమ్మట పెక్కు పాఠశాలలలో సంగీత తరగతులు కుదింపబడెను. గణితము, విజ్ఞానశాస్త్రము ముఖ్యములు. పాట విలాసము అను వాదము అన్ని దేశములందును వినబడును. పరీక్షలలో ఉత్తీర్ణత అవసరమే. బీద తల్లిదండ్రులు కోరునదియు అదియే. వారి కోరికను చులకన చేయరాదు. కాని వారమునకు రెండు గంటల కాలము పిల్లవాడు ఓర్పును, శ్రద్ధను, సహకారమును అభ్యసించినచో, ఆ గుణములు గణితపు గంటలోనికిని వానివెంట వచ్చును. సమయము పోయినదని లెక్కించువారు, ఆ సమయమున వచ్చినదానిని కూడ లెక్కించవలెను.

ఇది పరదేశపు విద్య, మనకేల యను ప్రశ్నయు కలదు. సంగీతమునకు సరిహద్దులు ఏనాడును గట్టిగ లేవు. తంజావూరు నేలిన రెండవ శరభోజి యాస్థానమున ఐరోపా పద్ధతి బ్యాండు ఉండెను. ముత్తుస్వామి దీక్షితులవారు ఆంగ్లేయుల బ్యాండు వరుసలను విని, వానికి సంస్కృత సాహిత్యమును కూర్చిరి. నొట్టుస్వరములని వానికి పేరు. వయొలిను పశ్చిమదేశపు వాద్యమే. నేడది లేక కర్ణాటక సంగీతకచేరి జరుగుట అరుదు. 1919లో స్థాపింపబడిన విజయనగరము సంగీతకళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులు కాగా, వారి పిమ్మట 1936లో ఆ పదవినలంకరించిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఆ పరదేశవాద్యముతోనే తెలుగునాటికి కీర్తి తెచ్చిరి. చక్కగ అభ్యసించిన వాద్యము అభ్యసించినవారి దగును.

అంతేగాక, కలిసి వాయించుట మనకు క్రొత్త గాదు. దేవాలయపు మేళమున సన్నాయి, డోలు, తాళము, శ్రుతి అన్నియు కలిసి పలుకును. గంటల తరబడి ఒకే స్వరమును విడువక పట్టు శ్రుతికారుని ఎవ్వరును పొగడరు, కాని అతడూపిరి విడిచిన క్షణమున సన్నాయి నిరాధారమగును. కోలాటమున ఒకని కోల తప్పినచో ఎదుటివాని వ్రేలికి దెబ్బ తగులును. చెక్కభజనలో అడుగును, చిడత దెబ్బయు, పాటయు ఒకటి కావలెను. డప్పుల వరుసలో నాయకుని కంటిసైగను అందఱును కనిపెట్టియుండవలెను. ఇవన్నియు మన పల్లెలలో ఉన్నవే. వేలకొలది రూపాయల వాద్యములు లేవని విచారింపనక్కఱలేదు. నాలుగు డ్రమ్ములు, కొన్ని వేణువులు, కోలలు, డప్పులు, తాళములు ఉన్న పాఠశాలలో నేర్పగల గురువున్నచో బృందవిద్య ఆరంభము కాగలదు. ఊరిలోని మేళగాని, డప్పు కళాకారుని పాఠశాలకు పిలిచి గౌరవముతో నేర్పుమని కోరవచ్చును. తన తండ్రి వాయించు డప్పును పాఠశాలలో పాఠముగ చూచిన బాలుడు తండ్రినిగూర్చి తలయెత్తి మాటాడును.

2020లో ప్రకటింపబడిన మన జాతీయ విద్యావిధానము కళలకును శాస్త్రములకును, పాఠ్యవిషయములకును తదితర కార్యక్రమములకును నడుమ గట్టిగోడలుండరాదని చెప్పినది. మంచి మాట. కాగితముమీది మాట కాలపట్టికలోనికి రావలెను. వారమునకు రెండు గంటలు కాలపట్టికలో వ్రాసి, పరీక్షలు సమీపించినను వానిని తీసివేయకుండుట మొదటి మెట్టు. మంచి చెవిగలవారినే ఏరుకొనక, చేరగోరిన ప్రతి బాలునికిని బాలికకును చోటిచ్చుట రెండవ మెట్టు. ఉత్సవము ముగిసిన మఱునాడును వాద్యములు బీరువానుండి బయటికి వచ్చుట మూడవది.

బ్యాండు మాస్టరు ఏటేట చేయు పని ఇంతే: వేఱువేఱు ఊపిరులను ఒక తాళమునకు తెచ్చుట, అందులో ఒక్క ఊపిరినైనను అణచివేయకుండుట. ఈ రెండింటిలో మొదటిది మాత్రము చేయువాడు బహుమతులు గెలుచును. రెండును చేయువాడు పౌరులను తయారుచేయును. ఒక పాఠశాల బ్యాండు ఎట్టిదో తెలియగోరువారు ముందువరుసలో మెఱయు కొమ్ములను చూచి తృప్తిపడక, కడపటి వరుసలోని కడపటి బాలుడు నిజముగ ఊదుచున్నాడా లేదా యని చెవియొగ్గి వినవలెను.